రెండు సెకన్లు, ఇరవై నిమిషాలు

2022 మే 12న రాత్రి తొమ్మిది దాటాక రాయ్‌పూర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ హెలికాప్టర్ ఒకటి కూలిపోయింది. అగస్టా 109 రకం, రెండు ఇంజిన్లది. అందులో మంత్రులు లేరు, ప్రయాణికులు లేరు. సాధన కోసమే అది గాల్లోకి లేచింది. నడుపుతున్న కెప్టెన్ గోపాల్ కృష్ణ పాండా, కెప్టెన్ ఎ.పి. శ్రీవాస్తవ ఇద్దరూ చనిపోయారు.

ఆ రాత్రి ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నది దర్యాప్తు చేసేవాళ్ల పని. ఈ అధ్యాయం దాని జోలికి వెళ్లదు. కానీ ఆ వార్త మనసును ఒక ప్రశ్న దగ్గర ఆపేస్తుంది. ఆపదను ఎదుర్కోవడం నేర్చుకునే వేళే ఆపద వచ్చిపడితే, అసలు సాధన ఎలా చెయ్యాలి? ఎక్కడ చెయ్యాలి? దేన్ని చెయ్యకూడదు? వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు ఈ ప్రశ్న దగ్గర ఆగవు. ధైర్యంగా ఉండండి, ప్రశాంతంగా ఆలోచించండి అని చెప్పి ముందుకెళ్లిపోతాయి. హెలికాప్టర్ పైలట్లకు ఆ సలహా సగమే పనికొస్తుంది. కొన్ని ఆపదల్లో ప్రశాంతంగా ఆలోచించడానికి వ్యవధే ఉండదు. కొన్నింటిలో కావలసినంత ఉంటుంది, అయినా మనిషి తొందరపడి చెడగొట్టుకుంటాడు. ఈ రెంటినీ విడదీసి చూపించడానికి హెలికాప్టర్ తోక రోటర్‌ను మించిన పాఠం నాకు కనిపించలేదు.

తోక మీద చిన్న ఫ్యాన్‌లా తిరిగే ఆ రెక్కలు ఎందుకున్నాయో ముందు చూద్దాం. పైనున్న పెద్ద రోటర్‌ను ఇంజిన్ ఒక వైపు తిప్పుతుంటే, దాని ప్రతిచర్యగా హెలికాప్టర్ శరీరం రెండో వైపు తిరగాలని చూస్తుంది. దాన్ని తిరగనివ్వకుండా పక్కకు తోస్తూ ఉండటమే తోక రోటర్ పని. పైలట్ రెండు పాదాల కింద ఉండే పెడళ్లు ఆ తోపును పెంచుతాయి, తగ్గిస్తాయి. అగస్టా, బెల్, రాబిన్సన్ హెలికాప్టర్లలో పెద్ద రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కాబట్టి తోక పనిచేయకపోతే ముక్కు కుడికి తిరిగిపోతుంది. రష్యా నుంచి వచ్చిన ఎంఐ-17లో, మన సైన్యాలు దశాబ్దాలుగా వాడుతున్న చేతక్‌లో అంతా తలకిందులు, ముక్కు ఎడమకు పోతుంది. కామోవ్ హెలికాప్టర్లకు ఈ గొడవే లేదు. వాటికి ఒకదానిమీద ఒకటి రెండు పెద్ద రోటర్లు, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి తోక రోటర్‌తో పనిలేదు.

తోక రోటర్ రెండు రకాలుగా చెడుతుంది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి ఒకే భయంగా భయపడతారు. మొదటిది, తోపు పూర్తిగా పోవడం. ఇంజిన్ శక్తిని తోకదాకా మోసుకెళ్లే పొడవాటి షాఫ్ట్ విరగవచ్చు, గేర్‌బాక్స్ పాడవవచ్చు, రెక్కలు దేన్నైనా తాకి ఊడిపోవచ్చు. రెండోది, రోటర్ తిరుగుతూనే ఉంటుంది గానీ పెడల్ మాట వినదు. ఎక్కడో బిగుసుకుపోయి, ఉన్న చోటే ఉండిపోతుంది. మొదటిదానికి నేను పెట్టుకున్న పేరు రెండు సెకన్ల ఆపద. రెండోది ఇరవై నిమిషాల ఆపద. ఇవి గడియారం పెట్టి కొలిచిన అంకెలు కావు. మీ దగ్గర ఎంత సమయం ఉందో గుర్తుచేసే పేర్లు మాత్రమే.

నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున హెలికాప్టర్ నిలకడగా తేలుతోంది అనుకోండి. దీన్ని హోవర్ అంటారు. ఆ క్షణంలో షాఫ్ట్ విరిగింది. ముక్కు కుడికి గిర్రున తిరగడం మొదలవుతుంది. తిరిగే వేగం ఆగకుండా పెరుగుతుంది. కొత్త పైలట్ మొదట ఏం చేస్తాడు? ఎడమ పెడల్‌ను బలంగా తొక్కుతాడు. అక్కడ ఏమీ లేదు. తర్వాత నేలకు భయపడి, హెలికాప్టర్‌ను పైకెత్తే కలెక్టివ్ కర్రను పైకి లాగుతాడు. కలెక్టివ్ లాగితే రోటర్ రెక్కల కోణం పెరుగుతుంది, ఇంజిన్ ఇంకా గట్టిగా తిప్పాలి, దాంతో శరీరం ఇంకా వేగంగా తిరుగుతుంది. కాపాడుతుందనుకున్న చెయ్యే ముంచుతుంది.

సరైన పని మనసు ఒప్పుకోనిది. థ్రాటిల్ మూసెయ్యాలి. ఇంజిన్ శక్తి పోగానే శరీరాన్ని తిప్పే ప్రతిచర్య కూడా పోతుంది, తిరగడం తగ్గుతుంది. హెలికాప్టర్ కిందికి దిగుతుంది. అప్పుడు, పెద్ద రోటర్‌లో మిగిలిన ఊపుతో, నేలకు తగిలే ముందు కలెక్టివ్ లాగి దెబ్బను మెత్తగా చేస్తారు. అంటే తోక పోయినప్పుడు ఇంజిన్‌ను కూడా మనమే వదులుకోవాలి. ఒకటి పోయింది కదా, రెండోదాన్నైనా గట్టిగా పట్టుకుందాం అనే సహజ బుద్ధి ఇక్కడ ప్రాణం తీస్తుంది. కొన్ని హెలికాప్టర్లలో థ్రాటిల్ కలెక్టివ్ కర్ర పిడికే ఉంటుంది, మణికట్టు తిప్పితే చాలు. కొన్ని రెండింజిన్ల వాటిలో ఇంజిన్ల మీటలు నెత్తిమీద ఉంటాయి. నడిపేవాడు కర్ర వదిలి పైకి చెయ్యి చాచడం కష్టం, పక్కనున్నవాడు లాగాలి. ఎవరు లాగాలో గిర్రున తిరుగుతున్నప్పుడు మాట్లాడుకోవడం కుదరదు. పైకి లేవకముందే తేల్చుకోవాలి.

అదే ఆపద వేగంగా ముందుకెళ్తున్నప్పుడు వస్తే కొంత దయ ఉంటుంది. తోక మీద నిలువుగా ఉండే రెక్కకు ఎదురుగాలి తగిలి, ముక్కును ఎంతోకొంత దారిలో ఉంచుతుంది. వేగం ఉన్నంతసేపు అదే మీ తోక రోటర్. వేగం పోగొట్టుకుంటే అదీ పోతుంది. అందుకే ఇక్కడ చేసేది శక్తి తగ్గించి, వేగం కాపాడుకుంటూ, ఆటోరొటేషన్‌లోకి వెళ్లడం. ఆటోరొటేషన్ అంటే ఇంజిన్ సాయం లేకుండా, కింది నుంచి వచ్చే గాలితోనే రోటర్‌ను తిప్పుకుంటూ దిగడం. అలా దిగేటప్పుడు ఇంజిన్ తిప్పడం లేదు కాబట్టి తోక రోటర్ అవసరం దాదాపు ఉండదు.

వేగమూ లేక, నేలా దగ్గర లేక, మధ్యలో ఎక్కడో రెండు వందల అడుగుల ఎత్తున నిలబడి ఉంటే? అక్కడ మంచి జవాబు లేదు. ప్రతి హెలికాప్టర్ మాన్యువల్‌లో ఏ ఎత్తులో ఎంత వేగం కంటే తక్కువ ఉండకూడదో చూపే గీత ఒకటి ఉంటుంది. ఆ గీతకు లోపలిది ఇంజిన్ ఆగితే క్షేమంగా దిగలేని చోటు. తోక పోయినా అంతే. ఊరేగింపు మీద, విగ్రహం మీద పూలు చల్లించాలని, సభకు వచ్చిన జనం చూడాలని, ఆ చోట హెలికాప్టర్‌ను నిలబెట్టమని అడిగే పెద్దమనుషులు మన దేశంలో ప్రతి జిల్లాలో ఉన్నారు. వాళ్లకు కాదని చెప్పగలగడం కూడా పైలట్ నైపుణ్యమే. ఆ మాట చెప్పడానికి మాత్రం బోలెడు వ్యవధి ఉంటుంది.

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. పెడల్ బిగుసుకుపోయింది. హెలికాప్టర్ ఎగురుతూనే ఉంది. ఏదో ఒక వేగం దగ్గర, ఏదో ఒక శక్తి దగ్గర తిన్నగానే పోతోంది. ఇక్కడ తొందరపడి థ్రాటిల్ మూసేసినవాడు ఉన్న మంచి హెలికాప్టర్‌ను చేజేతులా పాడుచేసుకున్నట్టే. ఇక్కడ చెయ్యవలసింది ఎత్తులోనే ఉండి, నెమ్మదిగా శక్తి పెంచి తగ్గించి, వేగం మార్చి, ముక్కు ఎటు పోతోందో చూడటం. పెడల్ ఎక్కువ శక్తికి సరిపడే చోట బిగుసుకుంటే, దాదాపు హోవర్ వేగానికి దగ్గరగా నెమ్మదిగా దిగవచ్చు. తక్కువ శక్తికి సరిపడే చోట బిగుసుకుంటే, రన్‌వే మీద వేగంగా జారుతూ దిగాలి. అప్పుడు ముక్కును కొద్దిగా సరిచెయ్యడానికి థ్రాటిలే పెడల్. అగస్టా, బెల్ లాంటివాటిలో పెంచితే ముక్కు కుడికి, తగ్గిస్తే ఎడమకు వెళ్తుంది. కాబట్టి మీరు బయలుదేరిన చిన్న హెలిప్యాడ్‌కు తిరిగి వెళ్లకూడదు. పొడవైన రన్‌వే, అగ్నిమాపక బండి, అనువైన గాలి ఉన్న చోటికి వెళ్లాలి. బస్తర్ అడవిలోని ఏ హెలిప్యాడ్‌కో పోతున్నవాడికి రాయ్‌పూర్ రన్‌వే గంట దూరంలో ఉన్నా, ఇంధనం ఉంటే అటే తిరగడం మంచిది. అక్కడికి చేరేలోపు ఎలా దిగాలో గాల్లోనే ఒకటి రెండుసార్లు నమూనాగా చేసి చూసుకోవచ్చు కూడా.

ఈ రెండు రకాల మధ్య గందరగోళం పెట్టే మూడోది ఒకటుంది. అందులో ఏదీ విరగదు, ఏదీ బిగుసుకోదు. గాలి ఫలానా కోణం నుంచి వచ్చి తోక రోటర్ పనితనాన్ని తినేస్తుంది. 1980లలో అమెరికా సైన్యపు ఓహెచ్-58 హెలికాప్టర్లు ఇలా తిరిగిపోయి పడ్డాయి. 1995లో ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థ దీని మీద ప్రత్యేక సలహా పత్రం వెలువరించింది. ఇక్కడ మందు మళ్లీ వేరు. పెడల్‌ను పూర్తిగా తొక్కి అలాగే పట్టుకోవాలి, ముందుకు వేగం తీసుకోవాలి, ఎత్తు ఉంటే కలెక్టివ్ తగ్గించాలి. రాయ్‌పూర్‌లో ఎండాకాలం ఎగిరేవాళ్లకు దీని గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 1,040 అడుగుల ఎత్తులో ఉంటుంది. మేలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు చేరినప్పుడు లెక్క కట్టండి. గాలి ఎంత పలచబడుతుందంటే హెలికాప్టర్ తాను దాదాపు 4,800 అడుగుల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఇంజిన్‌కీ రోటర్‌కీ తోకకీ అన్నిటికీ బలం తగ్గుతుంది. పొద్దున ఆరుకు తేలిగ్గా లేచిన బరువే మధ్యాహ్నం రెండుకు పెడల్ చివరిదాకా తొక్కిస్తుంది. ఎంత బరువు ఎక్కించుకోవాలి, ఏ వేళకు బయలుదేరాలి అన్నవి ముందురోజు రాత్రి కాగితం మీద తీసుకునే నిర్ణయాలు. వాటికి ఇరవై నిమిషాలు కాదు, ఇరవై గంటలున్నాయి.

ఇక ఈ రెండు సమయాలను కలిపేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేని ఉదాహరణ ఉంది. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా అందులోని ఐదుగురూ మరణించారు. అందులో తోక రోటర్ పాత్ర లేదు. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ సంఘం చెప్పిన సంగతి నాకు ఎప్పుడూ మరుపురాదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి ఒక హెచ్చరిక కనిపించగా, దాన్ని పరిష్కరించే దారి వెతకడంలో సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారు. ఆ ఆరు నిమిషాల్లో ఎదురుగా ఉన్న ఉరుము మేఘాల మీద దృష్టి తప్పింది. చివరికి ప్రాణాలు తీసింది ఆ మేఘాల్లోంచి కిందికి తోసిన గాలి.

ఆయిల్ హెచ్చరిక ఇరవై నిమిషాల రకం. దానికి పుస్తకం తెరవడం తప్పు కాదు. ఇద్దరూ పుస్తకంలోకి చూడటమే తప్పు. ప్రపంచంలో ఏ పైలట్‌ను అడిగినా చెప్పే క్రమం ఒకటుంది. ముందు నడుపు, తర్వాత దారి చూడు, ఆ తర్వాత మాట్లాడు. ఇద్దరున్నప్పుడు ఒకరు నడపాలి, ఒకరు పుస్తకం చూడాలి. ఎవరు ఏది చేస్తున్నారో నోటితో చెప్పుకోవాలి.

సాధన దగ్గరికి వద్దాం. పెడల్ బిగుసుకోవడాన్ని శిక్షకుడు నిజమైన హెలికాప్టర్‌లోనే నేర్పగలడు. పెడళ్లను తన పాదాలతో కదలకుండా పట్టుకుంటే చాలు, అవసరమైతే వదిలేస్తాడు. పగలు, చల్లటి గాలిలో, పెద్ద రన్‌వే మీద, ఎక్కడ ఆపెయ్యాలో ముందే మాట్లాడుకుని చేస్తే అది మంచి సాధన. షాఫ్ట్ విరగడాన్ని మాత్రం అలా నేర్పలేం. నిజమైన హెలికాప్టర్‌లో తోకను తీసేసి మళ్లీ పెట్టడం కుదరదు కదా. అది సిమ్యులేటర్‌లోనే చెయ్యాలి. బెంగళూరులో హెచ్ఏఎల్, కెనడాకు చెందిన సీఏఈ కలిసి నడిపే హాట్సాఫ్ సంస్థలో ధ్రువ్, బెల్ 412, డాఫిన్ రకాలకు అలాంటి సిమ్యులేటర్లున్నాయి. 2003లో బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ ప్రచురించిన అధ్యయనం కూడా సిమ్యులేటర్లలో ఈ సాధన పెరగాలని, మాన్యువళ్లలోని సలహాలు మెరుగుపడాలని అడిగింది. నా అభిప్రాయం ఇంకాస్త కటువైనది. తన రకానికి సిమ్యులేటర్ దేశంలో లేదు, విదేశానికి పంపడం ఖర్చు అని చెప్పి, ఆ పాఠాన్ని నిజమైన హెలికాప్టర్‌లో రాత్రిపూట నేర్పించే యజమాని, అది ప్రభుత్వమైనా సరే, పొదుపు చేస్తున్నట్టు కాదు.

సిమ్యులేటర్‌లో ఇంకో చిక్కుంది. ఈ రోజు తోక పోతుందని ముందే తెలిస్తే అందరూ బాగానే చేస్తారు. ఆశ్చర్యం లేని సాధన చెయ్యికి పనికొస్తుంది, గుండెకు పనికిరాదు. మంచి శిక్షకుడు ఇంజిన్ మంట పాఠం అని చెప్పి, మధ్యలో రేడియోలో మాట్లాడుతుండగా తోక తీసేస్తాడు. మొదటిసారి అందరూ పెడల్‌నే తొక్కుతారు. ఏడో సారికో ఎనిమిదో సారికో మణికట్టు దానంతటదే తిరుగుతుంది. ఆ తిరగడం కోసమే ఇదంతా.

అన్నీ మన చేతిలోనే ఉన్నాయని నమ్మించే పుస్తకాలంటే నాకు చిరాకు. 2018 అక్టోబరు 27న ఇంగ్లండ్‌లోని లెస్టర్ ఫుట్‌బాల్ స్టేడియం నుంచి లేచిన ఏడబ్ల్యూ 169లో తోక రోటర్ బేరింగ్ బిగుసుకుపోయి, పెడళ్లకూ రోటర్‌కూ సంబంధం తెగిపోయింది. క్లబ్ యజమాని విచాయ్ శ్రీవద్ధనప్రభ సహా ఐదుగురు చనిపోయారు. 2023లో వచ్చిన దర్యాప్తు నివేదిక ప్రకారం అక్కడ పైలట్ చేతిలో మిగిలిందేమీ లేదు. 2017 అక్టోబరు 6న తవాంగ్ దగ్గర ఎంఐ-17 తోకకు, తామే జారవిడిచిన కిరోసిన్ డబ్బాల పారాచూట్ తగిలి ఏడుగురు పోయారు. 2005 నవంబరులో తోక రోటర్ రెక్క చెడి ఒక ధ్రువ్ అత్యవసరంగా దిగి దెబ్బతింటే, మొత్తం ధ్రువ్‌లన్నింటినీ నేలమీద నిలిపేసి రెక్కల పదార్థాన్నే మార్చారు. అది సరైన జవాబు. బేరింగ్ తప్పుకు పైలట్‌ను సాధన చెయ్యమనడం జవాబు కాదు. మీ ఉద్యోగంలో కూడా, ఏ ఇబ్బంది మీ సాధనతో తీరుతుంది, ఏది యాజమాన్యం మార్చవలసిన బేరింగ్ అన్నది వేరుచెయ్యకుండా ఒత్తిడి తగ్గించుకునే శిక్షణకు వెళ్లకండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. నిలువుగా గీత గీసి, కుడి వైపును ఇరవై నిమిషాల ఆపదలకు వదిలి, ఎడమ వైపు మీ జీవితంలోని రెండు సెకన్ల ఆపదలు రాయండి. ఐదుకు మించి రాయొద్దు. ప్రతిదానికీ ఎదురుగా ఒకే ఒక్క పని రాయండి, రెండో పని రాయొద్దు. వంటింట్లో గ్యాస్ వాసన వస్తే, స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టెయ్యడం. బైక్ ముందు టైరు పేలితే, బ్రేక్ తొక్కకుండా హ్యాండిల్ తిన్నగా పట్టుకుని వేగం తగ్గనివ్వడం. పోలీసునంటూ వీడియో కాల్‌లో భయపెట్టి డబ్బు అడిగితే, కాల్ కట్ చెయ్యడం. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యడం తర్వాతి పని, అది కాగితంలో కుడి వైపుది. ఛాతీలో నొప్పి పట్టుకుంటే, అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చెయ్యడం. గమనించారా, వీటిలో చాలావాటికి సరైన పని మన సహజ బుద్ధికి ఎదురుగా ఉంటుంది. దీపం వెయ్యాలనిపిస్తుంది, బ్రేక్ తొక్కాలనిపిస్తుంది, పోలీసుకు జవాబు చెప్పాలనిపిస్తుంది, గ్యాస్ నొప్పేనని సరిపెట్టుకోవాలనిపిస్తుంది. అందుకే ఇవి ఎడమ వైపున ఉన్నాయి.

కుడి వైపు పెద్దది. లాయర్ నోటీసు, మేనేజర్ మెయిల్, కుటుంబ వాట్సాప్ గ్రూపులో బావగారి మాట, రక్తపరీక్షలో ఒక అంకె తేడా. వీటన్నిటికీ వ్యవధి ఉంది. హెలికాప్టర్ ఎగురుతూనే ఉంది. నేను చూసినంతలో జనం ఈ రెండు వైపుల్నీ తారుమారు చేస్తారు. బావగారి మాటకు రెండు సెకన్లలో జవాబు పెడతారు, ఛాతీ నొప్పి గురించి తెల్లారేదాకా ఆలోచిస్తారు.

ఎడమ వైపువి మనసులో తలుచుకుంటే చాలదు, ఒంటితో చెయ్యాలి. ఇంట్లో నలుగురుంటే, పైలట్లు లేవబోయే ముందు చెప్పుకున్నట్టు, ఎవరు పిల్లల్ని బయటికి తీసుకెళ్తారో, ఎవరు రెగ్యులేటర్ దగ్గరికి వెళ్తారో ఒకసారి నోటితో అనుకోండి. వయసైన అత్తగారు ఒక్కరే ఉండే మధ్యాహ్నం వేళకు వేరే ఏర్పాటు కావాలి.

ఇంకొక్క సంగతి. సైన్యంలో ఎంఐ-17 మీద, చేతక్ మీద ఏళ్లపాటు ఎగిరి, పదవీ విరమణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వాల బెల్, అగస్టా నడపడానికి వచ్చే పైలట్లున్నారు. సికింద్రాబాద్ దగ్గర హకీంపేటలో వాయుసేన హెలికాప్టర్ శిక్షణలో చేరిన రోజునుంచీ వాళ్ల పాదం ఒక వైపుకు అలవాటుపడి ఉంటుంది. కొత్త హెలికాప్టర్‌లో ముక్కు రెండో వైపుకు పోతుంది. పాత అలవాటు ఎంత గట్టిగా ఉంటే అంత ప్రమాదం, అందుకే రకం మారినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి శిక్షణ. మీ కాగితం కూడా అంతే. బండి మారిస్తే, ఊరు మారితే, ఉద్యోగం మారితే ఎడమ వైపు తిరగరాయండి. కొత్త ఇంట్లో చేరి పాలు పొంగించిన రోజునే, పొయ్యి ఆర్పాక, కళ్లు మూసుకుని ఆ రెగ్యులేటర్ నాబ్ ఎక్కడుందో తడిమి, ఎటు తిప్పితే కట్టవుతుందో ఒకసారి తిప్పి చూడండి.